బాబిలోన్ అడ్రస్ మారింది: ఆఫ్రికన్ రెగే అప్పటి నుంచి ఇప్పటి దాకా

ఆఫ్రికాలో రెగే అనగానే ఎవరైనా ముందు 1980 ఏప్రిల్ 17 రాత్రి గురించే చెప్తారు. అప్పటి సాలిస్‌బరీ అంటే ఇప్పటి హరారే, అక్కడ రూఫారో స్టేడియంలో ఆ రాత్రి బ్రిటన్ జెండా దిగి జింబాబ్వే జెండా ఎక్కింది, ప్రిన్స్ చార్లెస్ వచ్చాడు, కొత్త ప్రధాని ముగాబే ఉన్నాడు, జెండా తంతు అయ్యాక స్టేజీ ఎక్కింది మాత్రం జమైకా నుంచి వచ్చిన రెగే పాటగాడు బాబ్ మార్లీ. సౌండ్ సామాన్లు సొంత డబ్బుతో తెప్పించుకుని మరీ వచ్చాడు, ఎందుకంటే ముందు ఏడాదే జింబాబ్వే పేరు మీదే ఒక పాట చేసి ఉన్నాడు. స్టేడియం లోపల పాసులున్న పెద్దమనుషులు, బయట పాసుల్లేని జనం. పాట వినపడగానే బయటి జనం ఆగలేక తోసుకుని లోపలికి వచ్చేశారు, పోలీసులు టియర్ గ్యాస్ కొట్టారు, ఆ పొగ స్టేజీ దాకా వచ్చి పాట ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైందనుకోండి, మర్నాడు మామూలు జనం కోసం ఇంకో కచేరీ కూడా చేశారు. కానీ సంగతేంటంటే కొత్త దేశానికి ఇంకా తెల్లారనే లేదు, సొంత జనం మీద గ్యాస్ మాత్రం అప్పుడే పడిపోయింది.

ఈ కథ చివర్లో అందరూ ఒకే మాట అతికిస్తారు, రెగే పుట్టింటికి తిరిగొచ్చింది అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పుట్టింటికొచ్చిన ఆడపిల్ల నాలుగు రోజులుండి సారె పట్టుకుని వెళ్ళిపోతుంది, రెగే అలా వెళ్ళలేదు. అక్కడే కాపురం పెట్టి, భాష మార్చుకుని, దేవుణ్ణి కూడా సగం మార్చుకుని, చివరికి శత్రువుని కూడా మార్చుకుంది. జమైకాలో పుట్టిన రాస్తఫారి మతం వాళ్ళని రాస్తాలంటారు, వాళ్ళ భాషలో బాబిలోన్ అంటే మనిషిని నలిపేసే వ్యవస్థ మొత్తం, బానిసత్వం, తెల్లోళ్ళ పాలన, పోలీసు, జైలు అన్నీ కలిపి ఒకే మాట. జమైకా వాళ్ళ పాటల్లో ఈ బాబిలోన్‌కి ఎదురుగా సముద్రం అవతల ఆఫ్రికా అనే మంచి చోటు ఒకటి ఉంటుంది. మరి ఆ మంచి చోటులోనే పుట్టి, రోజూ పొద్దున్నే లేచి అక్కడి పోలీసు చేతిలో దెబ్బలు తినేవాడు ఏం పాడాలి? ఆఫ్రికన్ రెగే చరిత్ర మొత్తం ఈ ప్రశ్నకి ఒక్కో దేశం ఒక్కో రకంగా చెప్పిన జవాబే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. రెగే జమైకాలో 1960ల చివర్లో తయారైంది, స్కా అనే అక్కడి డాన్స్ సంగీతం నుంచి రాక్‌స్టెడీ, దాన్నుంచి రెగే. దాని అడుగున మాత్రం బానిసలుగా తీసుకొచ్చిన ఆఫ్రికన్ల డప్పులున్నాయి, బుర్రు డ్రమ్ములు, వాటిని కలుపుకున్న రాస్తాల న్యాబింగి డ్రమ్ములు. ఈ న్యాబింగి అనే మాట చూడండి, అసలు ఉగాండా, రువాండా సరిహద్దు వైపు జనం కొలిచే ఒక దేవత పేరు అది. ఆమె పూనిందని చెప్పిన ముహుముజా అనే ఆవిడ యూరోపియన్లకి ఎదురు తిరిగితే 1911లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుని బంధించారు. ఆ పేరు ఎక్కడెక్కడో తిరిగి జమైకా కొండల్లో డ్రమ్ములకి అతుక్కుంది. అంటే సంగీతం ఒక్కటే కాదు, తిరుగుబాటు పేర్లు కూడా సముద్రాలు దాటాయన్నమాట. ఇలా వెళ్ళొచ్చిన సంగీతం రెగే ఒక్కటే కాదు కూడా, క్యూబా రికార్డులు 1930ల నుంచి కాంగోలో దిగడం మొదలెడితే అక్కడి వాళ్ళు విని ఇది మనదేగా అని గిటార్లు పట్టుకుని కాంగో రుంబా తయారుచేశారు. కాబట్టి రెగే వచ్చేసరికి దారి ఆల్రెడీ వేసే ఉంది.

తాళం గురించి ఒక్క మాట. మన చెవికి సమం మీద దెబ్బ పడాలి, అక్కడ పడకపోతే ఏదో మెట్టు తప్పినట్టు ఉంటుంది. రెగేలో వన్ డ్రాప్ అనే పద్ధతి ఉంది, నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేస్తారు, డ్రమ్ బరువంతా మూడో దానిమీద పడుతుంది, గిటారేమో దెబ్బలకి మధ్యలో చిక్ చిక్ మని కోస్తూ ఉంటుంది, బేస్ గిటార్ మాత్రం కింద తీరిగ్గా కథ చెప్పుకుంటూ పోతుంది. అనాగతం, అతీతం అని ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, మార్చి పాడే పాటలు విన్నవాళ్ళకి ఈ ఖాళీ మజా వెంటనే తెలుస్తుంది. ఆ ఖాళీ వల్ల పాటగాడికి మాట్లాడే చోటు దొరుకుతుంది, స్పీడు తక్కువ కాబట్టి మాట స్పష్టంగా వినపడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో రాజుల వంశాలు, సామెతలు, చీవాట్లు అన్నీ పాటగా చెప్పే గ్రియోలు వందల ఏళ్ళుగా ఉన్నారు, వాళ్ళ పాట విని పెరిగిన జనానికి మాటకి చోటిచ్చే సంగీతం నచ్చడంలో వింతేముంది.

వింత ఇంకోచోట ఉంది. రాస్తాల దేవుడు హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తి. 1930 నవంబర్ 2న పట్టాభిషేకం అయితే, నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ మాటలు విని ఉన్న జమైకా పేదలు కొందరు ఆయన్నే దేవుడిగా తీసుకున్నారు, 1966 ఏప్రిల్‌లో ఆయన జమైకా వెళ్తే ఎయిర్‌పోర్టులో జనం విమానం చుట్టూ ఎగబడ్డారు. అడిస్ అబాబాకి దక్షిణంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో షషమనే అనే ఊరి దగ్గర, ఇటలీ దాడి టైమ్‌లో తమకి అండగా నిలిచిన నల్లజాతి వాళ్ళ కోసమని ఆయన కొంత భూమి కూడా ఇచ్చాడు, కొంతమంది రాస్తాలు నిజంగానే వెళ్ళి అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. అయితే ఇథియోపియా వాళ్ళకి ఆయన దేవుడు కాదు, రాజు మాత్రమే, అదీ వొల్లో కరువు తర్వాత 1974లో సైన్యం దింపేసిన రాజు. తర్వాత వచ్చిన డెర్గ్ సైనిక ప్రభుత్వం షషమనే భూమిలో ఎక్కువ భాగం లాగేసుకుంది, చక్రవర్తిని పొగిడే పాటలకి ఆ దేశంలో చోటెక్కడిది. అందుకే రెగే అంతా ఎవరి పేరు జపిస్తుందో ఆ దేశానికే రెగే అందరికంటే లేటుగా వచ్చింది. 2005 ఫిబ్రవరిలో మార్లీ అరవయ్యో పుట్టినరోజు కచేరీకి అడిస్ అబాబా మెస్కెల్ స్క్వేర్‌లో లక్షల మంది పోగయ్యారు, అదే ఏడాది టెడ్డీ ఆఫ్రో రెగే వాసనున్న అమ్హారిక్ పాటలతో దేశాన్ని ఊపేశాడు, ఆ తర్వాత హైలే రూట్స్ అక్కడి చిక్‌చికా తాళాన్ని రెగేలో కలిపి చిగ్గే అని పేరు కూడా పెట్టేశాడు. దేవుడి ఊళ్ళో భక్తి ఆలస్యంగా మొదలవడం అంటే ఇదే.

ఇక అసలు మలుపు ఐవరీ కోస్ట్‌లో. సేదూ కోనే అనే కుర్రాడు, 1953లో దింబోక్రోలో పుట్టాడు, అమ్మమ్మ దగ్గర పెరిగాడు, లైబీరియాలో ఇంగ్లీషు నేర్చుకుని న్యూయార్క్ వెళ్ళాడు, అక్కడ జమైకా రెగే పాటగాడు బర్నింగ్ స్పియర్ కచేరీ చూసి బుర్ర తిరిగిపోయింది. తిరిగొచ్చి ఆల్ఫా బ్లాండీ అని పేరు పెట్టుకుని 1982లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అందులో అందరికీ అంటుకున్న పాట ఒక్కటే, బ్రిగేడియర్ సబారీ. అబిజాన్ వీధుల్లో రాత్రిపూట పోలీసులు రెయిడ్లు చేసి దొరికినవాణ్ణి దొరికినట్టు చితక్కొట్టే రోజులవి, అలాంటి ఒక రాత్రి తన ఒంటిమీద పడ్డ దెబ్బల్ని డ్యూలా భాషలో కథగా చెప్పాడు. సబారీ అంటే ఓర్పు, దయ, అయ్యా కాస్త ఆగండి అని బతిమాలడం. అరబిక్ సబ్ర్ నుంచి వచ్చిన మాట, హైదరాబాద్‌లో సబర్ సబర్ అంటారే అదే మాట సహారా దాటి అటు పోయింది. ఒక ఎస్సై గారి కాళ్ళు పట్టుకుని సబర్ అని ఏడ్చే మనిషిని ఊహించుకుంటే ఆ పాట సగం అర్థమైపోయినట్టే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే జాతి విముక్తి, ఇథియోపియా, సింహం, సింహాసనం ఏవీ లేకుండానే పాట రెగే అయిపోయింది. బాబిలోన్ అంటే లండన్ కాదు, వాషింగ్టన్ కాదు, మన వీధి చివర పోలీస్ స్టేషన్. పైగా ఆ పోలీసు నల్లవాడే, అదే భాష మాట్లాడతాడు. ఇంకో తెలివైన పని భాష ఎంచుకోవడం. ఫ్రెంచ్‌లో పాడితే చదువుకున్నోళ్ళు వింటారు, డ్యూలా మాత్రం సంతల భాష, ఐవరీ కోస్ట్ ఉత్తరం నుంచి బుర్కినా ఫాసో దాకా నడుస్తుంది, మాలి బంబారా వాళ్ళకీ గినీ మలింకే వాళ్ళకీ కూడా చాలావరకు తెలిసిపోతుంది. ఒక క్యాసెట్ నాలుగు దేశాల బస్టాండుల్లో అమ్ముడుపోతుందంటే దానికి కారణం సంగీతం ఎంతో, భాష కూడా అంతే. ఆల్ఫా బ్లాండీ తర్వాత ఫ్రెంచ్, ఇంగ్లీష్, అరబిక్, హీబ్రూ అన్నీ కలిపేశాడు, 1986లో కింగ్‌స్టన్ వెళ్ళి మార్లీ బ్యాండ్ వైలర్స్‌తోనే జెరూసలెం ఆల్బమ్ రికార్డు చేశాడు, బైబిలూ ఖురానూ తోరా ఒకే పాటలో పెట్టేసరికి అది రాస్తా మతం కాకుండా ఇంకేదో అయింది.

అయితే ఈయన్ని తిరుగుబాటు వీరుడిగా చూపించేవాళ్ళు ఒక సంగతి మింగేస్తారు. పోలీసుని తిట్టిన ఇదే ఆల్ఫా బ్లాండీ, అప్పటి ప్రెసిడెంట్ ఊఫూవే బోయినీని పొగుడుతూ కూడా పాడాడు. 1960 నుంచి 1993లో చచ్చిపోయే దాకా దేశాన్ని ఒక్కడే ఏలిన మనిషి ఆయన, 1990 దాకా ఒకే పార్టీ. కానిస్టేబుల్‌ని తిట్టొచ్చు, పెద్దాయన్ని తిట్టకూడదు, ఇది రాయని రూలు. మన దగ్గర కూడా కింది ఉద్యోగి లంచం మీద ఎన్ని జోకులైనా పేలతాయి, పైకి పోయేకొద్దీ గొంతు తగ్గుతుంది కదా. అందుకని ఆయన్ని తప్పుబట్టడం ఈజీనే కానీ, ఆ హద్దు ఎక్కడుందో ఆ పాటల్ని బట్టే తెలుస్తుంది.

ఆ హద్దు దాటింది తర్వాతి తరం. టికెన్ జా ఫకోలీ 1968లో ఉత్తరాన ఒడియెన్నేలో పుట్టాడు, మాలి చక్రవర్తి సుంజాటా కాలం నాటి ఫకోలీ వంశం పేరు ఆయనది. 1996లో వచ్చిన ఆల్బమ్ పేరు మాంజెక్రసీ, ఫ్రెంచ్‌లో తినడం అనే మాటకి డెమోక్రసీ తోక తగిలించాడు, మనం అయితే మెక్కుడుస్వామ్యం అనుకోవచ్చు. అప్పటికి ఊఫూవే పోయాడు, తర్వాత వచ్చినవాళ్ళు ఇవ్వారితే అని ఒక సిద్ధాంతం పట్టుకున్నారు, అసలైన ఐవరీ కోస్ట్ వాడెవడు, వలసొచ్చినవాడెవడు అని లెక్క తీయడం. ఈ లెక్కలో ఉత్తరాది ముస్లింలు, డ్యూలా మాట్లాడేవాళ్ళు అందరూ అనుమానితులైపోయారు. టికెన్ జా 1999లో చరిత్ర పాఠం అనే అర్థం వచ్చే పేరుతో ఇంకో ఆల్బమ్ తెచ్చి ఎవరెప్పుడు ఈ నేలకొచ్చారో పాటలో చదివి వినిపించాడు, అందరం ఎక్కడ్నించో ఒకచోటు నుంచి వచ్చినవాళ్ళమే అని తేల్చాడు. 2002లో దేశం బాలేదు అని పాట పెట్టాడు, అదే ఏడాది సెప్టెంబర్‌లో అంతర్యుద్ధం మొదలై దేశం నిజంగానే ఉత్తరం దక్షిణం అని రెండు ముక్కలైంది. ఆయన బమాకోకి వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడు.

టికెన్ జా వల్ల బాబిలోన్ మళ్ళీ కొంచెం జరిగింది, ఈసారి రెండు అడ్రసులు. ఒకటి ప్రెసిడెంట్ ప్యాలెస్, రెండోది పారిస్. పాత వలస రాజ్యం వెళ్ళిపోయినట్టే వెళ్ళి తెరవెనక తాళ్ళు లాగుతూ ఉంటుంది, దాన్ని ఫ్రాన్సాఫ్రిక్ అంటారు, 2002 ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టాడు. అది కింగ్‌స్టన్‌లో రికార్డయింది, మార్లీ దగ్గర కీబోర్డు వాయించిన టైరోన్ డౌనీ ప్రొడ్యూసరు, 2003లో ఫ్రాన్స్ వాళ్ళ పెద్ద సంగీత అవార్డు కూడా దానికే వచ్చింది. ఫ్రాన్స్‌ని తిట్టిన పాటకి ఫ్రాన్స్ అవార్డు, పైగా రికార్డు కంపెనీ కూడా పారిస్‌దే. దీన్ని చూసి వెక్కిరించేవాళ్ళున్నారు కానీ ఆఫ్రికాలో పైరసీ క్యాసెట్లు రాజ్యమేలే రోజుల్లో పాటగాడికి డబ్బులొచ్చే దారి అదొక్కటే, ఆ డబ్బుల కోసం యూరప్ ఫెస్టివల్స్‌కి తిరగాల్సిందే. పాట ఖరీదు కూడా గట్టిగానే కట్టాడు, 2007 డిసెంబర్‌లో సెనెగల్ ప్రెసిడెంట్ వాద్‌ని పదవి దిగిపొమ్మన్నట్టు మాట్లాడితే ఆ దేశం రావొద్దంది, 2015లో కచేరీ కోసం కిన్షాసా వెళ్తే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేశారు. సౌండ్ పరంగా కూడా ఈయన పని వేరే, కోరా, బలాఫోన్, న్గోని లాంటి పాత వాయిద్యాలు రెగే మధ్యలో అలంకారంగా కాకుండా గిటార్ చేసే పనే చేస్తాయి. 2015లో పాత జమైకా పాటల్నే స్లై అండ్ రాబీ అనే జమైకా డ్రమ్, బేస్ జోడీ తాళం మీద ఈ వాయిద్యాలతో మళ్ళీ పాడాడు, వింటే ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో చెప్పడం కష్టం.

దక్షిణాఫ్రికా కథ పూర్తిగా వేరు, ఎందుకంటే అక్కడ బాబిలోన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పనే లేదు. అపార్తైడ్ ప్రభుత్వం చట్టం రాసి మరీ మనుషుల్ని రంగుల వారీగా విడగొట్టింది, రేడియో కూడా సర్కారుదే, నచ్చని పాట ఉంటే రికార్డు మీద ఆ పాట వరకూ గీతలు గీకేసేవాళ్ళు ఎవరూ వెయ్యకుండా. లక్కీ దూబే 1964లో ఎర్మెలోలో పుట్టాడు, అంతకుముందు తల్లికి కాన్పులు నిలవలేదు, వీడు బతికాడని లక్కీ అని పేరు పెట్టారు. జులూ భాషలో ఎంబకాంగా అనే అక్కడి బస్తీల డాన్స్ పాటలు పాడి బాగానే అమ్ముకుంటున్న కుర్రాడు, మార్లీతో కలిసి పాడిన పీటర్ టోష్ పాటల పిచ్చిలో పడి 1984లో రికార్డు కంపెనీకి గట్టిగా చెప్పకుండానే ఒక చిన్న రెగే రికార్డు తెచ్చాడు. ఎంబకాంగా రికార్డులు ముప్ఫై వేలు పోతుంటే ఇది నాలుగు వేలు పోయింది, పైగా సర్కారు నిషేధం. ఎవరైనా అక్కడితో మానేస్తారు. ఈయన 1985లో ఇంకోటి తెచ్చాడు, అది ప్లాటినం. తర్వాత స్లేవ్, ప్రిజనర్, హౌస్ ఆఫ్ ఎగ్జైల్ వరసగా.

లక్కీ దూబే సౌండ్‌లో జమైకా వాళ్ళు ఒప్పుకోని విషయాలు చాలా ఉన్నాయి. కీబోర్డులు మరీ మెరిసిపోతూ ఉంటాయి, వెనకాల పాడే ఆడవాళ్ళ గొంతులు ఎంబకాంగా నుంచి తీసుకొచ్చినవి, ఆయన గొంతు అడుగు నుంచి ఒక్కసారిగా పైకెక్కి కీచుగా నిలబడుతుంది, స్టేజీ మీద జులూ డాన్స్‌లా కాళ్ళు తలపైకి ఎగరేస్తాడు. రూట్స్ అనే పాత తరహా రెగే గంభీరంగా ఉండాలి అనుకునేవాళ్ళకి ఇదంతా పాప్‌లా అనిపించొచ్చు. కానీ ఉగాండా, కెన్యా, టాంజానియా, నైజీరియా ఎక్కడ చూసినా మార్లీ తర్వాత జనం నోట్లో నానిన పేరు ఇదే, పసిఫిక్ దీవుల్లో పాపువా న్యూ గినీ దాకా. స్కూళ్ళు కట్టడం మానేసి జైళ్ళు కడుతున్నారు అనే మాట ఏ దేశంలో అయినా అతుకుతుంది మరి. మత్తు ముట్టని మనిషి, డ్రెడ్‌లాక్స్, అంటే రాస్తాల జడలు కట్టిన జుట్టు, ఉంది కదా అని అందరూ గంజాయి రాస్తా అనేసుకునేవాళ్ళు.

1994లో అపార్తైడ్ పోయింది, అప్పుడు చాలామంది పాటగాళ్ళకి పాడటానికి శత్రువు లేకుండా పోయాడు. లక్కీ దూబేకి ఆ ఇబ్బంది రాలేదు, 1997లో టాక్స్‌మ్యాన్ ఆల్బమ్‌తో నా పన్ను డబ్బులు ఎటు పోతున్నాయి అని కొత్త ప్రభుత్వాన్నే అడిగాడు. క్రైమ్ గురించి ఎన్నో సార్లు పాడిన మనిషిని 2007 అక్టోబర్ 18న జోహానెస్‌బర్గ్ రోజెటెన్‌విల్‌లో పిల్లల్ని దింపి వెళ్తుంటే కారు దొంగలు కాల్చి చంపేశారు. 2009లో ముగ్గురికి యావజ్జీవం పడింది. లక్కీ దూబే అని వాళ్ళకి తెలియదట, నైజీరియా వాడనుకున్నారని కోర్టులో చెప్పిన మాట. ఇందులో ఇంకో చేదు ఉంది, వలసొచ్చిన ఆఫ్రికన్ల మీద దక్షిణాఫ్రికాలో ఉన్న కోపం కూడా ఆ ఒక్క మాటలో బయటపడింది.

నైజీరియా సంగతి వేగంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ మంట పెద్దగా లేచి తొందరగా ఆరింది. 1977లోనే సన్నీ ఒకోసన్ దక్షిణాఫ్రికాలోని సొవేటో మంటల మీద పాడాడు, అంటే పక్కవాడి బాబిలోన్ మీద. సొంత బాబిలోన్ 1980ల చివర్లో వచ్చింది, సైనిక పాలన, 1986 నుంచి ఐఎంఎఫ్ మార్కు పొదుపు విధానాలు, నైరా విలువ పడిపోవడం, ధరలు. 1988లో మజెక్ ఫషెక్ వాన కురిపించు అని పాడితే, పాడిన చోటల్లా వాన పడేదని జనం కథలు చెప్పుకున్నారు, 1989లో రాస్ కిమోనో ఒత్తిడి భరించలేకపోతున్నాం అని పిడ్జిన్ యాసలో వాయించాడు. ఈవీ ఎడ్నా ఒగోలీ అనే అమ్మాయి సొంత ఇసోకో భాషలో రెగే పాడి హిట్ కొట్టింది. ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఆఫ్రికన్ రెగేలో ఆడవాళ్ళ పేర్లు చెప్పమంటే వేళ్ళు సగం కూడా మడవలేం. వెనకాల కోరస్ పాడేది వాళ్ళే, ముందు మైకు మాత్రం మగాడిది, ఇన్ని అన్యాయాల మీద పాడిన రెగే ఈ ఒక్కదాని మీద ఎప్పుడూ పెద్దగా పాడలేదు. మజెక్ అమెరికా వెళ్ళాడు, పెద్ద కంపెనీతో ఆల్బమ్ వచ్చింది, తర్వాత మెల్లగా పడిపోయి 2020లో న్యూయార్క్‌లో పోయాడు. నైజీరియా ఈలోపు ఆఫ్రోబీట్స్ అనే కొత్త పాప్ వైపు తిరిగింది, ఇప్పటి బర్నా బాయ్, పటోరాంకింగ్ పాటల్లో జమైకా యాస, రెగే నుంచి పుట్టిన డాన్స్‌హాల్ తాళం ఉప్పులా కలిసిపోయి ఉంటాయి, విడిగా తీయలేం.

రెగే పాటగాడు మరీ పెద్ద మూల్యం కట్టింది బహుశా మలావీలో. ఎవిసన్ మటఫాలే, బ్లాక్ మిషనరీస్ బ్యాండ్ పుట్టడానికి కారణమైన మనిషి, అప్పటి ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఉత్తరం రాస్తే 2001 నవంబర్‌లో పోలీసులు పట్టుకెళ్ళారు, కస్టడీలోనే చనిపోయాడు. ఆ బ్యాండ్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బుర్కినా ఫాసోలో ఇంకో దారి, సామ్స్‌కే ల జా అనే రెగే పాటగాడు రేడియో ప్రోగ్రామ్ కూడా నడిపేవాడు, 1987లో హత్యకు గురైన ఆ దేశ ప్రెసిడెంట్ సంకారా మాటల్ని గుర్తు చేస్తూ ఉండేవాడు, 2007లో అతని కారు తగలబెట్టారు. 2013లో ర్యాపర్ స్మోకీతో కలిసి పౌరుల చీపురు అనే ఉద్యమం పెట్టాడు, 2014 అక్టోబర్‌లో జనం చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కితే 27 ఏళ్ళు కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంట్ కంపావొరే దేశం వదిలి పారిపోయాడు. పారిపోయింది ఎక్కడికంటే ఐవరీ కోస్ట్‌కే, రెగే రాజధాని అని చెప్పుకునే చోటుకి.

ఇక జుట్టు. ఆఫ్రికా రెగే స్టార్లలో చాలామంది జమైకా అర్థంలో రాస్తాలు కాదు, కొందరు ముస్లింలు, కొందరు క్రిస్టియన్లు, జుట్టు మాత్రం అందరికీ ఉంటుంది. నిజంగా రాస్తాగా బతికే మామూలు కుటుంబాలకి మాత్రం ఆ జుట్టే గుదిబండ, పిల్లల్ని స్కూల్లో చేర్చుకోరు. ఘనాలో పేరున్న అచిమోటా స్కూలు ఇద్దరు పిల్లల్ని జుట్టు కత్తిరించుకుంటేనే రమ్మంటే 2021 మేలో అక్రా కోర్టు చేర్చుకోవాల్సిందే అంది, మలావీలో 2023 మేలో హైకోర్టు అదే మాట అంది. స్వాతంత్ర్యం వేడుకకి రాస్తాని పిలిచి పాడించుకున్న ఖండంలో, రాస్తా పిల్లాడు బడికెళ్ళడానికి నలభై ఏళ్ళు దాటాక కోర్టు మెట్లెక్కాల్సొచ్చింది.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే ఆ పాత తరహా బ్యాండ్ రెగే, పదిమంది వాయిద్యగాళ్ళు, ట్రంపెట్లు, అదంతా ఖర్చు యవ్వారం. కంప్యూటరూ మైకూ ఉంటే డాన్స్‌హాల్ రిధమ్ ఒకటి చేసుకుని దానిమీద ఇరవైమంది ఇరవై పాటలు పాడుకోవచ్చు. ఘనాలో స్టోన్‌బోయ్, షట్టా వాలే అలా వచ్చినవాళ్ళే. ఉగాండాలో బోబీ వైన్ కంపాలా కమ్వొక్యా బస్తీ నుంచి రాగ్గా, అంటే డాన్స్‌హాల్ లాంటి పాటలు పాడుతూ ఘెటో ప్రెసిడెంట్ అని పేరు పెట్టుకున్నాడు, 2017లో ఎంపీ అయ్యాడు, 2021 జనవరిలో కుర్చీలో ఉన్న ముసెవెనీ మీద నిజం ప్రెసిడెంట్ పదవికే నిలబడి అధికారిక లెక్కల్లోనే 35 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు, ఆయన కచేరీలు పోలీసులు ఎన్నిసార్లు ఆపేశారో లెక్కలేదు. జింబాబ్వేలో జిమ్‌డాన్స్‌హాల్ అనే షోనా భాషా పాటల వరద వచ్చింది, దానికి కేంద్రం హరారేలో ఎంబారే అనే పాత బస్తీ, ఇరుకు ఫ్లాట్లలో పెట్టిన చిన్న చిన్న స్టూడియోలు. మార్లీ పాడిన రూఫారో స్టేడియం ఉన్నది కూడా అదే ఎంబారేలో. నిరుద్యోగం, మత్తుమందులు, అద్దె కట్టలేకపోవడం, ఈ పాటల్లో ఉన్నదంతా ఇదే, దేవుడు, ఇథియోపియా దాదాపు లేవు. వీటిలో చెత్త కూడా బోలెడు ఉంది, కత్తులు తుపాకులు ఆడవాళ్ళ మీద బూతులు, అది కాదనలేం. అయినా విన్కీ డి లాంటివాడు అవినీతి మీద పాడితే 2023 మార్చిలో చిటుంగ్విజాలో పోలీసులు స్టేజీ ఎక్కి షో మధ్యలో ఆపేశారు. అంటే మాట ఇంకా తగులుతోందనే కదా.

రూట్స్ రెగే పోయిందని మాత్రం అనలేం. అబిజాన్‌లో 2015లో అబీ రెగే ఫెస్టివల్ మొదలైంది, ఆల్ఫా బ్లాండీ డెబ్భై దాటాక కూడా స్టేజీలెక్కుతున్నాడు, దక్షిణాఫ్రికా లింపోపోలో కోల్బర్ట్ ముక్వెవో లాంటివాళ్ళ వల్ల వెండా భాషలో రెగే అంటే అక్కడి ఇంటి సంగీతమే అయిపోయింది. 2018లో యునెస్కో జమైకా రెగేని కాపాడాల్సిన వారసత్వం లిస్టులో పెట్టింది, మ్యూజియంలో పెట్టినట్టు. ఆఫ్రికాలో రెగే ఇంకా వీధుల్లోనే ఉంది కాబట్టి మనుషులు దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుకుంటున్నారు, మంచికీ చెడుకీ.

ఎంత ఇష్టమొచ్చినట్టు అంటే కెన్యానే చూడండి. అక్కడ అప్పటి ప్రెసిడెంట్ ఉహూరూ కెన్యాట్టా, పాత ప్రత్యర్థి రైలా ఒడింగా 2018లో చేతులు కలిపి, రాజ్యాంగం మార్చాలని బీబీఐ అని ఒక ప్లాన్ వేశారు, దాని ప్రచారానికి రైలా వాళ్ళు పట్టుకున్న నినాదం రెగేని ఎవరూ ఆపలేరు అని, అది లక్కీ దూబే పాటలో మాట. అధికారంలో ఉన్నవాళ్ళే రెగే అయిపోయారు, బాబిలోనే స్వయంగా డీజే పెట్టుకుందన్నమాట. 2021 మే 13న నైరోబీ హైకోర్టు ఆ ప్లాన్ చెల్లదని కొట్టేసింది, ఆ రాత్రి కెన్యా సోషల్ మీడియా నిండా ఒకటే జోకు, జడ్జీలు రెగేని ఆపేశారు అని. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో కూడా ప్లాన్ బతకలేదు. నైరోబీ మటాటుల్లో మాత్రం, అదే మన షేర్ ఆటోల్లాంటి ప్రైవేటు వ్యాన్లు, బూఫర్లు అదిరేలా లక్కీ దూబే ఇంకా మోగుతూనే ఉన్నాడు, ఎవరి నినాదం ఎటు పోయినా కండక్టర్‌కి ఏం పట్టింది.